ఎర్ర పలక

కాఫీ కూజా విన్నీ హాల్వర్సన్ చేతిలో ఉంది. ఊరి హాల్లో పొడవాటి బల్లల వెంట నడుస్తూ, ఎదురైన ప్రతి కప్పునూ ఆమె నింపుకుంటూ వస్తోంది. ఇళ్ళకు తిరిగి రావచ్చునని కబురు అందిన తరువాత టామరాక్ జనమంతా ఒకచోట కూర్చుని తినడం అదే మొదలు. బార్లీ సూపు వాసనను మించి అందరి కోట్లలోంచీ పొగ వాసన వస్తోంది. చివరి బల్ల దగ్గర లెస్టర్ ప్రూడెన్ ఒక్కడే కూర్చున్నాడు. అతనికి అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. కూజా తన వైపు రావడం గమనించి అతడు కప్పును కొంచెం ముందుకు జరిపాడు. విన్నీ మణికట్టు వంగబోయి ఆగింది. కూజా ఆ కప్పు మీదుగా సాగి, ఖాళీ కుర్చీలకు అవతలున్న మనిషి కప్పు దగ్గర వంగింది.

లెస్టర్ ఖాళీ కప్పును వెనక్కి తీసుకుని, దాని పిడిని బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయాడు.

అతడు ఆ ఊరి నీరటి. కొండ మీది ట్యాంకు, సరస్సు ఒడ్డున దానికి నీళ్ళు ఎక్కించే పంపు, అక్కడి నుంచి ఇళ్ళకు దిగే గొట్టాలు, అన్నీ అతని అధీనంలోనివే. అడవి మంట శిఖరం దాటి ఊరి మీదికి దిగిన రాత్రి ట్యాంకు ఎండిపోయింది. పై వీధి చివర, మంటల కోసం పాతిన పెద్ద కుళాయి దగ్గర నిలబడ్డ విన్నీ భర్త ఆల్విన్ చేతిలో గొట్టం బిగువు తప్పి మెత్తబడింది. అతడు స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి నాయకుడు. మిగిలినవాళ్ళను కిందికి పంపి వెనుక రావలసినవాడు, రాలేదు. అంత్యక్రియల నాడు పాస్టర్ దైవేచ్ఛ అన్నాడు. దైవేచ్ఛతో ఊరికి తృప్తి కలగలేదు. ఊరికి ఒక మనిషి కావలసివచ్చాడు. నీరటి పంపు వెయ్యకుండానే పారిపోయాడని జనం తీర్మానించారు. అతని బండి సరస్సు దాటించే పడవ రేవు వైపు దూసుకుపోవడం చూసినవాళ్ళు ఉన్నారు. పంపు గది మీటరుతో సహా కాలిపోయింది గనుక, వేశానని అతడు అన్న మాటకు అతని నోరు తప్ప వేరే ఆధారం లేదు.

నీటి సంఘం అధ్యక్షుడు క్లారెన్స్ ఓగ్డెన్ వంటగది గుమ్మంలో విన్నీని ఆపాడు.

"శనివారం సభ పెడుతున్నాం, విన్నీ. లెస్టర్‌ని తీసెయ్యాలని అందరూ అంటున్నారు. ఊరికే అంటే వాడు కోర్టుకెక్కుతాడు. లెక్క ఉండాలి."

"ఏం లెక్క?"

"నన్నడుగుతావేంటి? బతుకంతా బళ్ళో పిల్లల చేత చేయించింది అదేగా. తొట్టెలోకి ఇంత వస్తోంది, ఇంత పోతోంది, ఎప్పటికి ఖాళీ అవుతుంది? మా వాడు ఆ లెక్కకి జడిసి జ్వరం తెచ్చుకునేవాడు. ఇప్పుడు నువ్వే చెయ్యి. పంపు నడవలేదని కాగితం మీద చూపించు చాలు."

"చూపిస్తాను" అంది విన్నీ. తన గొంతులోని ఆత్రం ఆమెకే వినిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె పనిలోకి దిగింది. ఇల్లు చెక్కుచెదరలేదు. ఆల్విన్ రబ్బరు బూట్లు తలుపు పక్కన, ఒకటి కొంచెం పక్కకు ఒరిగి, ఎలా ఉన్నవి అలానే ఉన్నాయి. ఊరు ఖాళీ చెయ్యమని హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం ఆ గుమ్మంలోనే అతడు దళం కోటు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి, "కుళాయి తిప్పావా?" అని అడిగాడు. "తిప్పానయ్యా చాదస్తుడా, నువ్వు కదులు" అంది తను. అవే వాళ్ళ చివరి మాటలు. నిప్పురవ్వలకు అంటుకోకుండా ఇంటి కప్పును తడిపే స్ప్రింక్లర్ కుళాయి సంగతి అది. కొంపలు అంటుకుంటున్న వేళ కూడా అతడు భార్య గురించే ఆలోచించాడన్న ఒక్క నిజాన్ని ఆమె ఈ వారాలన్నీ గుండెకు హత్తుకుని బతుకుతోంది.

ట్యాంకు ఎత్తు, చుట్టుకొలత తెలిసినవే. తెలియవలసింది, ఆ రోజు ఏ వేళకు అందులో ఎంత నీరుందో. దానికి దారి ఆమెకు ముందురోజు హాల్లోనే తట్టింది. ట్యాంకు పక్కన నిలువునా ఒక కొలబద్ద, దాని మీద కప్పీ తాడుకు వేలాడే ఎర్ర పలక ఉంటాయి. తాడు రెండో కొస లోపల తేలే బుడ్డికి కట్టి ఉంటుంది. నీరు పెరిగితే పలక దిగుతుంది, నీరు తగ్గితే ఎక్కుతుంది. కొత్తవాళ్ళు ఎప్పుడూ తిరగేసి చదువుతారు. ఊరివాళ్ళకు పలక అడుగున కనిపిస్తేనే నిశ్చింత. ఆ రోజు రేవులో పడవ కోసం వరుసకట్టిన జనం గంటల తరబడి చేతుల్లో ఫోన్లతో కొండ వైపే చూస్తూ నిలబడ్డారు. కొండను ఫోటో తీస్తే ట్యాంకు పడక తప్పదు. పైగా ప్రతి ఫోటోకూ వేళ అంటుకునే ఉంటుంది.

అడిగిన ప్రతివాళ్ళూ ఫోటోలు ఇచ్చారు, లెస్టర్ మెడకు తాడు పేనుతున్నంత ఉత్సాహంగా. ఆమె వాటిని పెద్దవి చేసి అచ్చు తీసి, వంటింటి బల్ల మీద వేళల వరసలో పరిచింది. సన్నటి ఉక్కు స్కేలుతో, ట్యాంకు అంచు నుంచి ఎర్ర పలక దాకా కొలిచి, ఒక్కొక్క కొలతనూ గ్రాఫు కాగితం మీద చుక్కగా పెట్టింది. మసకగా ఉన్నవాటిని రెండుసార్లు కొలిచింది. రెండు కొలతలూ కలవని ఫోటోలను పక్కన పెట్టేసింది. తనకు అనుకూలమైనది కదా అని ఏ చుక్కనూ ఉంచుకోలేదు. ఆ క్రమశిక్షణ ఆమెకు ఊపిరిలాంటిది. దుఃఖం దాని జోలికి రాలేకపోయింది.

చుక్కలన్నీ పడ్డాక పెన్సిలు వాటిని కలుపుతూ పోయింది. ఆమె ఎదురుచూసిన గీత వేరు. దళం పెద్ద కుళాయిలు విప్పింది చీకటి పడే వేళకు. పంపు నడవకపోయినా, ఊరు ఖాళీ అయింది గనుక అంతవరకూ ట్యాంకు మట్టం కదలకూడదు. కాని కాగితం మీద మధ్యాహ్నం నుంచే గీత కిందికి జారుతోంది. సాయంత్రానికి ఒకచోట ఆ వాలు ఉన్నట్టుండి మరింత నిటారుగా తిరిగింది. అప్పటికింకా ఏ పెద్ద కుళాయీ విప్పలేదు.

ఆ వంపుకు అటూ ఇటూ ఉన్న ఫోటోలను ఆమె దగ్గరకు జరిపి చూసింది. మొదటి దాంట్లో రేవు పక్కన కిరాణా కొట్టు మీది ఎర్రదీపాల పేరు వెలుగుతోంది. రెండో దాంట్లో ఆరిపోయింది. కరెంటు పోయింది అప్పుడే.

విన్నీ స్కేలు కింద పెట్టింది. కరెంటు పోవడంతో నీరు తరిగే వేగం పెరిగిందంటే, అందాకా లోపలికి వస్తున్నది ఏదో ఆగిపోయిందన్న మాట. కరెంటుతో నడిచి ట్యాంకులోకి నీరు పోసేది ఊళ్ళో ఒక్కటే ఉంది. రెండు వాలుల తేడా ఆమె కట్టి చూసింది: నిమిషానికి ఎనిమిది వందల డెబ్బై లీటర్లు. ఆ అంకె చుట్టూ గీత గీసి, చాలాసేపు దాని వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది.

పంపు గది ఉన్నచోట ఇప్పుడు నల్లటి సిమెంటు దిమ్మె మిగిలింది. దాని పక్కన అరువు తెచ్చిన తాత్కాలిక యంత్రం దడదడలాడుతోంది. లెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం అతుకుకు జిగురు పట్టీ చుడుతున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు. ఒకప్పుడు ఆమె తరగతిలో వెనక బల్ల మీద కూర్చున్నవాడు. నలభై దాటినా ఆ లేవడం అలాగే ఉంది.

"కూర్చో. పాత పంపు ఎక్కడ?"

"అదిగో టీచర్‌గారూ, ఆ తుక్కులో. దాన్ని చూసి తిట్టుకోడానికి వచ్చారా?"

ఆమె జవాబు చెప్పకుండా కాలి వంకరపోయిన ఇనుము దగ్గర వంగింది. కోటు చేతితో మసి తుడిచి, ఇత్తడి రేకు మీది అక్షరాలను కళ్ళద్దాలు పైకెత్తి చదివింది. నిమిషానికి తొమ్మిది వందల లీటర్లు.

"కొత్తలో అంత పోసేది" అన్నాడు వెనకనుంచి లెస్టర్. "ఇప్పుడు కొంచెం తక్కువే. దానికీ వయసు రావద్దూ?"

"ఆ రోజు ఎందుకు వెళ్ళావు లెస్టర్?"

"అవతలి ఒడ్డున రంపపు మిల్లు వాళ్ళకి జనరేటర్ ఉంది. కరెంటు పోతే పంపు చచ్చినట్టే కదా, తెద్దామని వెళ్ళా. అవతలి రేవుదాకా తెచ్చా కూడా. ఈలోపు రేవు మూసేశారు. పోలీసాయన గడ్డం పట్టుకోడం ఒక్కటే తక్కువ. ఎవర్నీ ఇటు వదిలేది లేదన్నాడు."

"మరి ఈ మాట అందరికీ చెప్పలేదేం?"

అతడు పట్టీ చివర పళ్ళతో కొరికి తెంపాడు. "చెప్పాను. కాఫీ పొయ్యనివాళ్ళు మాట వింటారా టీచర్‌గారూ?"

విన్నీ చేతి మీది మసి వైపు చూసుకుంది. "పంపు నడిచింది. కరెంటు పోయేదాకా నడిచింది. నా దగ్గర రుజువు ఉంది" అంది.

అతడు గొట్టం మీద అరచెయ్యి ఆనించి, లోపల నీరు పారుతున్నదో లేదో చూస్తున్నట్టు ఉండిపోయాడు. "మరి నీళ్ళు ఎటు పోయాయి?" అన్నాడు. "నాకు నిద్ర పట్టనిది అందుకే. గొట్టం ఎక్కడో పగిలుండాలనుకుని ఊరంతా తవ్వి చూశా. ఎక్కడా తడి లేదు. ఆల్విన్ నన్ను నమ్ముకుని పైకెళ్ళాడు. ట్యాంకు నిండుగా ఉందా అంటే, అంచుదాకా ఉందన్నా. అబద్ధం చెప్పలేదు టీచర్‌గారూ. అప్పుడు నిండుగానే ఉంది."

ఇంటికి వస్తుంటే దారిలో పెర్ల్ కేకేసింది. ఎనభై దాటిన మనిషి. మంట ఆమె తోట కంచె దాకా వచ్చి గాలి తిరగడంతో వెనక్కి పోయింది. ఇప్పుడామె వరండాలో కూర్చుని ఆపిల్ పళ్ళు చెక్కు తీస్తోంది.

"ఏమ్మా విన్నీ, ముఖం అలా పీక్కుపోయిందేం? కూర్చో. బీమా అబ్బాయి వచ్చి వెళ్ళాడు. నా ఇల్లు కాలలేదని పాపం ఎంత దిగులుపడ్డాడో! అంత దూరం వచ్చిన శ్రమ వృథా కదా."

విన్నీ మెట్టు మీద కూర్చుంది. ఒక ఆపిల్ అందుకుంది గాని కొరకలేదు.

"ఈ ఇల్లు నిలబడిందంటే మీ ఆయన చలవే" అంది పెర్ల్, కత్తి ఆపకుండా. "వసంతంలో నిచ్చెన భుజాన వేసుకుని ఒక్కొక్క ఇంటికీ తిరిగాడు కదూ. నేను వద్దంటున్నా వినకుండా కప్పెక్కి ఆ తిరిగేదాన్ని బిగించి పోయాడు. పైగా నాకు పాఠం: 'పెర్ల్ పిన్నీ, వెళ్ళేటప్పుడు తలుపుకు తాళం మరిచినా ఫరవాలేదు, కుళాయి తిప్పడం మరవొద్దు.' మరవలేదు సుమీ! పిల్లిని బుట్టలో వెయ్యడం మరిచి మళ్ళీ వెనక్కి పరిగెత్తాను గాని, కుళాయి మాత్రం తిప్పే వెళ్ళాను. మన వీధిలో అందరూ తిప్పారు. ఆ మాటే తలుచుకుంటూ వెళ్ళాం."

"అందరూ" అంది విన్నీ.

"అందరూనూ. తిరిగొచ్చాకే కట్టేశాం. ఏం, తిప్పకూడదా?"

విన్నీ లేచింది. ఆపిల్ గిన్నెలో ఎప్పుడు తిరిగి పెట్టిందో ఆమెకు తెలియలేదు.

తమ ఇంటి వెనక గోడకు ఉన్న కుళాయి దగ్గర బకెట్టు పెట్టింది. కప్పు మీదికి పోయే గొట్టాన్ని పీకి, చివర బకెట్టులో ఉంచి, స్ప్రింక్లర్‌కు ఎంత అందుతుందో అంతే వచ్చేలా కుళాయిని తిప్పింది. ఆ రోజు తిప్పినంతే. చేతి గడియారం చూసింది. బకెట్టు నిండింది, పారబోసి మళ్ళీ పెట్టింది. మూడోసారికి కూడా అంకె మారలేదు. నిమిషానికి ఇరవై లీటర్లు. తోటకు పోసినా ఎవరూ లెక్కచెయ్యని నీళ్ళు. ఊళ్ళో నూట ముప్పై ఇళ్ళు.

ఆ నూట ముప్పై ఆమెకు కొత్త అంకె కాదు. చలికాలం చివర్లో ఆల్విన్ ఇదే వంటింట్లో కూర్చుని, "ఇంటికొకటి చొప్పున ఎన్ని తెప్పించాలో, గొట్టం ఎన్ని మీటర్లో కాస్త కట్టిపెట్టు" అంటే నిమిషంలో కట్టి ఇచ్చింది. గొట్టం పొడవు హెచ్చవేసింది. దానిలోంచి పోయే నీటిని మాత్రం హెచ్చవెయ్యలేదు. ఎవరూ అడగలేదు. పాఠ్యపుస్తకంలో ఆ అంకె ఎప్పుడూ ముందే ఇచ్చి ఉంటుంది.

నిమిషానికి రెండువేల ఆరువందలు. కరెంటు పోయిన తరువాత గీత వాలు కూడా అంతే.

ఆ పైన ఆమె చెయ్యదలచుకోని లెక్క ఒకటి మిగిలింది. పెన్సిలు దాన్ని కూడా చేసింది. స్ప్రింక్లర్లు లేకపోతే, కరెంటు పోయినా సరే, నిండు ట్యాంకు పై వీధి పెద్ద కుళాయికి తెల్లవారుజాము దాకా నీళ్ళిచ్చేది. గాలి తిరిగింది అర్ధరాత్రికి ముందే.

శనివారం సభకు ముందు క్లారెన్స్ ఆమెను పక్కకు పిలిచి కాగితం చూశాడు. అతడు మూర్ఖుడు కాదు. వంపు దగ్గర వేలు పెట్టి, చాలాసేపు చదివి, నిట్టూర్చాడు.

"సరే. పంపు నడిచింది. లెస్టర్‌ని ఉంచుకుంటాం, క్షమాపణ చెబుతాం. మరి ఇదేంటి, మధ్యాహ్నం నుంచీ పోయిన ఈ నీళ్ళు?"

ఆమె చెప్పింది.

క్లారెన్స్ మొహం మెల్లగా ఎర్రబడింది. "విన్నీ, నా మాట విను. గొట్టం ఎక్కడో పగిలిందని చెప్దాం. ఎవరికి నష్టం? లెస్టర్ బయటపడ్డాడు కదా. ఆల్విన్ పేరు మీద రేవులో రాయి చెక్కిస్తున్నాం. ఊళ్ళో ప్రతివాడూ నా ఇంటిని ఆల్విన్ కాపాడాడనే అనుకుంటున్నాడు. వాళ్ళ దగ్గరికెళ్ళి, అతన్ని మీ కుళాయిలే చంపాయని చెప్తావా?"

"అలా చెప్పను."

"అమ్మయ్య!"

"నీళ్ళు ఎటు పోయాయో చెప్తాను. పగలని గొట్టం కోసం లెస్టర్ ఊరంతా తవ్వుతున్నాడు, క్లారెన్స్. వచ్చే ఏడు కూడా మంటలొస్తాయి. అప్పుడూ ఆ వీధిలో ఎవరో ఒకరు నిలబడతారు."

ఆమె సంచీ లోంచి ఒక వస్తువు తీసింది. పొద్దున తాను ఆల్విన్ నిచ్చెన వేసుకుని, అరవై దాటిన మోకాళ్ళతో కప్పు ఎక్కి, అతడు బిగించిన మరలను ఒక్కొక్కటే విప్పి తెచ్చిన స్ప్రింక్లర్. అతనిది గట్టి చెయ్యి. ఆఖరి మర ఎంతకీ రాలేదు. దాన్ని తిప్పుతూ ఆమె అక్కడే, కప్పు మీద, మొదటిసారి ఏడ్చింది.

సభలో ఆమె తరగతిలో మాట్లాడినట్టే మాట్లాడింది. గీతను బోర్డు మీద గీసింది. పంపు ఎప్పటిదాకా నడిచిందో వేలితో చూపింది. హాల్లో తలలు లెస్టర్ వైపు తిరిగాయి, ఎవరో దగ్గారు. తరువాత ఆమె స్ప్రింక్లర్‌ను బల్ల మీద పెట్టింది. అది ఒకసారి దానంతట అది తిరిగి ఆగింది.

"ఇది మా ఇంటిది. నేనే తిప్పాను. ఆల్విన్ తిప్పమన్నాడు. ఇది నిమిషానికి రెండు బకెట్లు పోస్తుంది. ఇలాంటివి ఊళ్ళో నూట ముప్పై."

బోర్డు మీద హెచ్చవేతను ఆమె పూర్తి చెయ్యలేదు. హాల్లో పెదవులు కదలడం కనిపిస్తూనే ఉంది. సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే.

వెనకనుంచి ఒక మగగొంతు లేచింది. "అయితే తప్పంతా ఆల్విన్‌దంటావా?"

"తప్పు అనలేదు. నీళ్ళు ఎక్కడికి పోయాయని అడిగారు."

"చచ్చిపోయినవాణ్ణి, అందులోనూ కట్టుకున్నవాణ్ణి..." అని ఒక ఆడగొంతు మొదలుపెట్టి ఆగిపోయింది. పెర్ల్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చుంది. ఈసారి ఆమె ఏ హాస్యమూ ఆడలేదు.

తీర్మానం జరిగింది. లెస్టర్ ఉద్యోగం నిలిచింది. అందరూ బల్లల దగ్గరికి చేరారు. క్లారెన్స్ భార్య కూజా పట్టుకుని బయలుదేరింది. లెస్టర్ దగ్గర ఆగి అతని కప్పును అంచుదాకా నింపి, భుజం తట్టింది. కూజా వరసగా వచ్చి విన్నీ దగ్గర ఆగింది. విన్నీ కప్పు ముందుకు జరపలేదు. ఆమె ఆవిడ మణికట్టు వైపు చూస్తోంది. అది వంగబోయి నిలిచింది. కూజా సాగిపోయింది.

ఆ కదలిక ఎలాంటిదో విన్నీకి తెలుసు. అందులో ద్వేషం ఉండదు. మోయలేని బరువు చేతిలో ఉన్నప్పుడు దింపుకోవడానికి ఒక చోటు కావాలి, అంతే.

స్ప్రింక్లర్‌ను సంచీలో పెట్టుకుని ఆమె బయటికి నడిచింది. మెట్లు దిగేసరికి వెనక తలుపు చప్పుడైంది. లెస్టర్ తన కప్పును రెండు చేతులా పట్టుకుని, కాఫీ తొణకకుండా మెల్లగా వస్తున్నాడు. దగ్గరికి వచ్చి ఆమెకు అందించాడు. తీసుకోనా వద్దా అని ఆమె ఆలోచించే లోపు కప్పు వేడి చేతికి తగిలింది.

ఇద్దరూ కొండ వైపు తిరిగి నిలబడ్డారు. పై వీధి నల్లగా ఉంది. దాని పైన ట్యాంకు పొగ విడిన ఎండలో తెల్లగా మెరుస్తోంది.

"నిన్నటితో నిండింది టీచర్‌గారూ" అన్నాడతడు.

ఆమె చూసింది. ఎర్ర పలక కొలబద్ద అడుగున, ఇంక దిగడానికి చోటు లేనంత కిందికి ఆని ఉంది.